జాక్సన్ హైట్స్‌లో పాత ఫ్లాట్, దాని ఆవిరి వేడి

న్యూయార్క్‌లో పాత ఫ్లాట్ కొంటున్నామని చెప్పినప్పుడు మావాళ్ళు చదరపు అడుగుల రేటు అడిగారు, స్కూలు గురించి అడిగారు, కారు ఎక్కడ పెడతారని అడిగారు. చలికాలం ఆ ఇల్లు ఎలా వెచ్చబడుతుందని మాత్రం ఎవరూ అడగలేదు. ఇన్నేళ్ళు ఉన్నాక ఈ ఇంటి గురించి నేను గట్టిగా చెప్పగలిగేది దాని గురించే. కిటికీ కింద ఇనప రేడియేటర్, బేస్‌మెంట్‌లోని బాయిలర్ నుంచి దానిలోకి ఎక్కే ఆవిరి. ఈ ఇంట్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఒక చలికాలమంతా నన్ను నిద్రపోనివ్వనిదీ అదే.

ఇల్లు క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి కొంచెం ముందు, 1930ల చివర్లో కట్టిన ఆరంతస్తుల ఇటుక భవనం. ఒక పడకగది, హాలు, హాలును ఆనుకుని భోజనాల బల్ల పట్టేంత మూల, ఒకరు వండుతుంటే ఇంకొకరు బయట నిలబడి మాట్లాడాల్సిన వంటిల్లు. మా ఆయన, నేను, మా పాప. కారు లేదు. ఇద్దరి ఆఫీసులూ మన్‌హాటన్‌లోనే. ఇవన్నీ ముందే చెప్పడం ఎందుకంటే, న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నాలుగు పడకగదుల ఇల్లు, రెండు కార్లు, వారానికోసారి బంధువులు ఉన్నవాళ్ళకు నేను రాసేది సగం కూడా వర్తించదు.

పేట గురించి తెలియనివాళ్ళు తక్కువే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 74వ వీధి స్టేషన్‌లో ఈ, ఎఫ్, ఎం, ఆర్, 7 రైళ్ళు అయిదూ ఆగుతాయి. లగార్డియా విమానాశ్రయానికి వెళ్ళే క్యూ70 బస్సు అక్కడినుంచే, అదీ ఉచితం. ములక్కాడ, గోంగూర, కరివేపాకు కోసం కారెక్కే పని లేదు. 37వ అవెన్యూ మీద నడుస్తుంటే స్పానిష్, బంగ్లా, నేపాలీ, హిందీ చెవిన పడుతూనే ఉంటాయి. ఈ పేట మొదట ఇలా ఉండాలని కట్టింది కాదు. 1917లో ఎత్తు వంతెన మీద రైలు వచ్చాక క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే కంపెనీ పొలాల్లో, లోపల తోట ఉండే ఈ అపార్ట్‌మెంట్లు కట్టి అమ్మింది. యూదులకు, నల్లజాతివాళ్ళకు అందులో చోటు ఇవ్వలేదు. 1965 వలస చట్టం తర్వాత పరిస్థితి మారుతూ వచ్చింది. ఆ భవనాల్లోనే ఇవాళ మాలాంటివాళ్ళం భవనాన్ని నడిపే బోర్డు సమావేశాల్లో కూర్చుని బాయిలర్ గురించి వాదించుకుంటున్నాం. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

ఇక రేడియేటర్ సంగతి.

ఇంతకుముందు మేం జెర్సీ సిటీలో అద్దాల టవర్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. అక్కడ వేడి గోడలోని యంత్రంలోంచి గాలిలా వచ్చేది. ఆపగానే పది నిమిషాల్లో చల్లబడేది. నవంబర్ దాటాక దోసె పిండి పులిసేది కాదు. అమెరికాలో ఉండే తెలుగు ఇళ్ళలో చాలామందికి తెలిసిన పద్ధతే మేమూ పాటించాం. ఓవెన్ లోపలి లైటు వేసి గిన్నె అందులో పెట్టేవాళ్ళం. అయినా పొద్దున్నకు పిండి పెట్టింది పెట్టినట్టే ఉండేది. పెరుగు అయితే రెండో రోజుకి తోడుకునేది, అదీ జారుగా.

ఇక్కడ మొదటి చలికాలంలోనే రాత్రి రుబ్బిన పిండి హాలు రేడియేటర్ దగ్గర చెక్క పీట మీద పెట్టాను. పొద్దున లేచేసరికి మూత పైకి లేచి, పిండి గిన్నె అంచు దాటి కింద పీట మీదికి కారింది. బయట మంచు కురుస్తోంది. మా అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. "రాజమండ్రిలో మే నెలలో కూడా ఇంత పొంగదే" అంది. ఆ రోజునుంచి ఇంట్లో పెరుగు కొనడం మానేశాం. గోరువెచ్చని పాలలో తోడు వేసి, తువ్వాలు చుట్టి, రేడియేటర్ మీది చెక్క కవరు చివర ఉంచితే ఆరు గంటల్లో గడ్డ పెరుగు. ఉతికిన పాప బట్టలు రాత్రి ఆరేస్తే పొద్దున్నకు పొడిగా, వెచ్చగా ఉంటాయి.

ఈ వేడిలో ఇంకో సుఖం ఉంది. అది ముఖాన కొట్టదు. బరువైన ఇనుము మెల్లగా వేడెక్కి, బాయిలర్ ఆగాక కూడా చాలాసేపు వేడిని వదులుతూ ఉంటుంది. గోడలు మందపాటి ప్లాస్టర్‌వి కాబట్టి అవీ ఆ వేడిని పట్టి ఉంచుతాయి. దీనికి విడిగా బిల్లు రాదు. నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లోనే వేడి, వేడినీళ్ళు, ఆస్తి పన్ను అన్నీ ఉంటాయి. చలి ఎక్కువగా ఉన్న నెలలో గుండె దడ పుట్టించే గ్యాస్ బిల్లు అనేది మా ఇంట్లో లేదు.

నగరం నియమం కూడా గట్టిది. అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా, పగలు బయట 55 ఫారెన్‌హీట్ డిగ్రీలకు తగ్గితే ఇంట్లో కనీసం 68 ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట ఎంతున్నా లోపల కనీసం 62. ఇది చదివి నిశ్చింతగా ఉండొచ్చు అనిపిస్తుంది. నిజంగా చాలావరకు ఉండొచ్చు కూడా.

కానీ మాకు తంటా వచ్చింది సరిగ్గా ఆ పొద్దున ఆరు గంటల నియమం దగ్గరే. ఆరింటికి ఇల్లు 68కి చేరాలంటే బాయిలర్ అయిదింటికే గట్టిగా మండటం మొదలుపెట్టాలి. మేం కొన్న తర్వాతి ఏడాది జనవరిలో ఒక తెల్లవారుజామున పడకగది రేడియేటర్‌ను ఎవరో లోపలినుంచి సుత్తితో బాదుతున్నట్టు చప్పుడు. ఒకటీ రెండూ కాదు, పావుగంట పాటు. పాప ఉలిక్కిపడి లేచి ఏడుపు అందుకుంది. మర్నాడూ అంతే. ఆ పై రోజూ అంతే. పాపను తీసుకుని హాల్లో సోఫా మీద పడుకోవడం మొదలుపెట్టాను. ఆ నెల ఆఫీసులో నేనేం పని చేశానో నాకు గుర్తులేదు.

బిల్డింగ్ సూపర్‌కు, అంటే భవనం మరమ్మతులు చూసే ఆయనకు, చెప్పాను. పాత బిల్డింగ్ కదా, ఇలాగే ఉంటుంది అన్నాడు. మనిషి మంచివాడు, కానీ ఆయన చేతిలో ఉన్న ఇళ్ళు ఎక్కువ. మేనేజ్‌మెంట్ కంపెనీకి మెయిల్ పెట్టాను. వాళ్ళు పంపిన ప్లంబర్ రేడియేటర్ చివర ఉండే, గాలి వదిలే వేలెడంత వెంట్ మార్చాడు. చప్పుడు పోలేదు. ఇంకొకాయన వచ్చి వాల్వ్ సగానికి తిప్పి పెట్టమన్నాడు. అలా పెట్టాక ఇంకా పెరిగింది. మూడో ఆయన రేడియేటర్ తీసేసి కొత్తది వేయాలని, ఆ ఖర్చు మేమే పెట్టుకోవాలని కాగితం రాసిచ్చాడు. నాకు ఇప్పటికీ కోపం ఉన్నది దీని మీదే. ముగ్గురిలో ఒక్కరూ వంగి, అది ఎటు వాలి ఉందో చూడలేదు.

చూసింది మా నాన్న. ఆ చలికాలం అమ్మానాన్న మా దగ్గరే ఉన్నారు. నాన్న ఆర్ అండ్ బీలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిరి వేడి ఆయన జీవితంలో చూడలేదు. తెల్లవారుజామున కుర్చీ వేసుకుని రేడియేటర్ పక్కన కూర్చుని విన్నారు. తర్వాత నన్ను అడిగిన ప్రశ్న ఒకటే.

"ఆవిరి చల్లారితే నీళ్ళవుతుంది కదమ్మా. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయి?"

నేను వెతికి చదివి చెప్పాను. మా భవనంలో ఉన్నది ఒకే పైపు పద్ధతి. ఆవిరి ఏ పైపులో పైకి వస్తుందో, నీళ్ళు అదే పైపులో కిందికి దిగాలి. పంపూ లేదు, ఫ్యానూ లేదు. వెంట్ లోపలి గాలిని బయటికి వదిలి ఆవిరికి దారి ఇస్తుంది, ఆవిరి తగలగానే మూసుకుంటుంది. నీళ్ళు మాత్రం వాటంతట అవే వాల్వ్ వైపు జారిపోవాలి. వాల్వ్ అయితే పూర్తిగా తెరిచి ఉండాలి, లేదా పూర్తిగా మూసి ఉండాలి. సగం తెరిస్తే లోపలికి వచ్చే ఆవిరికీ బయటికి వెళ్ళే నీళ్ళకూ ఆ సందు చాలదు.

"అయితే రసమట్టం తీసుకురా" అన్నారు.

గాజు గొట్టంలో బుడగ జరిగి వాలు చూపించే పనిముట్టు అది. వీధి చివరి హార్డ్‌వేర్ షాపులో చిన్నది కొనుక్కొచ్చాను. రేడియేటర్ మీద పెట్టి చూస్తే బుడగ వాల్వ్ వైపే నిలబడింది. అంటే వాల్వ్ వైపు ఎత్తుగా ఉంది, రెండో చివర పల్లంగా ఉంది. ఎనభై ఏళ్ళ చెక్క నేల కిటికీ వైపు కాస్త కుంగింది, దానితోపాటే రేడియేటరూ వాలింది. నీళ్ళు దిగకుండా చివర నిలబడుతున్నాయి. తెల్లవారుజామున వేగంగా వచ్చే ఆవిరి ఆ నీళ్ళను తీసుకెళ్ళి ఇనుముకేసి కొడుతోంది. "వాటం తప్పింది, అంతే" అన్నారు నాన్న. ఆయనకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

సూపర్‌ను పిలిచాం. రేడియేటర్ చల్లగా ఉన్న మధ్యాహ్నం పూట, ఇనప గడ్డపారతో రెండో చివరను జాగ్రత్తగా లేపి కాళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టారు. వాల్వ్ దగ్గరి పైపు మీద ఒత్తిడి పడకూడదు కాబట్టి ఎక్కువ ఎత్తలేదు, బుడగ రెండో చివరకు జరిగేంతవరకే. వాల్వ్ పూర్తిగా తెరిచాం. మర్నాడు తెల్లవారుజామున నేను మేలుకునే ఉన్నాను. వెంట్‌లోంచి సన్నగా బుస్సుమని గాలి వచ్చింది, ఆగిపోయింది. గది వెచ్చబడింది. పాప లేవలేదు. ఆ క్షణంలో నాన్నను నిద్రలేపి చెప్పాలనిపించింది కానీ లేపలేదు.

దీనికైన ఖర్చు రసమట్టం ధర, చెక్క ముక్కలు. కొత్త రేడియేటర్‌కు వాళ్ళు రాసిచ్చిన అంకె నా దగ్గర ఇంకా ఉంది.

అయితే కథ అక్కడితో ముగిసిపోలేదు. రేడియేటర్ మౌనంగా ఉన్నా, గోడ లోపల పైపులో దూరంగా టక్ టక్ మనే చప్పుడు మిగిలింది. అది మా ఇంట్లో సరిచేసే పని కాదు. ఇక్కడ కో-ఆప్ సంగతి చెప్పాలి. మనకు ఇంటి రిజిస్ట్రేషన్ పత్రం రాదు. భవనం మొత్తం ఒక సంస్థది. ఆ సంస్థలో మనకు షేర్లు, మన ఫ్లాట్‌లో ఉండటానికి ఒక లీజు వస్తాయి. గోడ ఇవతలిది మన బాధ్యత, గోడ లోపలి పైపులు, బాయిలర్ అందరివీ. అందరిదీ అయినప్పుడు బోర్డు ఒప్పుకోవాలి, డబ్బు కేటాయించాలి, కొటేషన్లు రావాలి. కింది అంతస్తు వాళ్ళు ఇల్లు వేడెక్కట్లేదంటారు, పై అంతస్తు వాళ్ళు జనవరిలో కిటికీలు తెరుచుకుని కూర్చుంటారు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒప్పించడానికి తర్వాతి శరత్కాలం దాకా పట్టింది.

చివరికి ఆవిరి పని మాత్రమే చేసే ఒక పెద్దాయన వచ్చాడు. ఆయనతోపాటు నేనూ బేస్‌మెంట్‌లోకి దిగాను, సెలవు పెట్టుకుని మరీ. ప్రధాన పైపును పైకప్పుకు పట్టి ఉంచే కొక్కెం ఒకటి వదులై పైపు మధ్యలో జారింది, అక్కడ నీళ్ళు నిలుస్తున్నాయి. ఆ పైపు చివర ఉండాల్సిన పెద్ద వెంట్లు ఎప్పుడో బిగుసుకుపోయాయి. గాలి బయటికి పోయే దారి లేక కింది అంతస్తులకు ఆవిరి ఆలస్యంగా చేరుతోంది. దాన్ని తోయడానికని ఎవరో బాయిలర్ ఒత్తిడి పెంచి పెట్టారు. ఇలాంటి భవనానికి రెండు పీఎస్ఐ (చదరపు అంగుళానికి రెండు పౌండ్లు) లోపు ఒత్తిడి చాలని, పెంచితే చప్పుడు, ఖర్చు మాత్రమే పెరుగుతాయని ఆయన చెప్పాడు. కొక్కెం బిగించి, వెంట్లు మార్చి, ఒత్తిడి తగ్గించి వెళ్ళాడు. గోడలో చప్పుడు పోయింది. కింది అంతస్తులో ఉండే బంగ్లాదేశ్ ఆవిడ లిఫ్ట్ దగ్గర నా చేయి పట్టుకుని, ఈసారి ఇంట్లో కోటు వేసుకోలేదని చెప్పింది.

రేడియేటర్లు ఇంత పెద్దవి ఎందుకున్నాయని ఆయన్ని అడిగాను. 1918 ఫ్లూ తర్వాత ఇళ్ళలోకి గాలి ఆడాలనే పట్టింపు బాగా పెరిగిందట. కిటికీ తెరిచి ఉన్నా ఇల్లు వెచ్చగా ఉండేలా లెక్కకట్టి పెట్టేవాళ్ళని వీళ్ళ పనిలో చెప్పుకుంటారట. కోవిడ్ చలికాలాల్లో కిటికీ కొంచెం తెరిచే కూర్చునేవాళ్ళం కాబట్టి నాకు అది నమ్మబుద్ధి వేసింది.

ఇక మొదట పొగిడినవాటికి కొన్ని సవరణలు. ఒత్తిడి తగ్గాక, పడకగదిలో నెమ్మదిగా గాలి వదిలే వెంట్ పెట్టించాక, వేడి మెత్తబడింది. నిద్రకు అది మేలు. పిండికి మాత్రం ఇప్పుడు రెండు మూడు గంటలు ఎక్కువ పడుతోంది. పెరుగు గిన్నె నేరుగా రేడియేటర్ నడిమీద పెడితే విరిగినట్టయి నీళ్ళు తేలుతుంది. చివర, చెక్క మీద పెట్టాలి. అక్టోబర్ మొదటి వారాల్లో, ఏప్రిల్ చివర్లో బయట 55కు పైన ఉంటే బాయిలర్ మండదు, ఇల్లు మాత్రం చల్లగా అనిపిస్తుంది. అప్పుడు మళ్ళీ ఓవెన్ లైటే గతి.

గాలి విపరీతంగా పొడిబారుతుంది. మొదటి ఏడాది పాపకు ముక్కులోంచి రక్తం వచ్చి టెన్షన్ పడ్డాం. ఇప్పుడు రాత్రిపూట పడకగదిలో తేమ యంత్రం నడుస్తూనే ఉంటుంది. ఆవిరి నిండిన రేడియేటర్‌కు పసిపిల్లల చేయి తగిలితే కాలుతుంది. కవరు లేకుండా ఉంచకండి. గోడలు మందమని మెచ్చుకున్నాను, పక్కింటి టీవీ నిజంగానే వినపడదు. కానీ రేడియేటర్ పైపులు నేలలోంచి వెళ్ళే చోట సందులుంటాయి, పై ఇంటి మాటలు, కింది ఇంటి వేపుడు వాసన అక్కడినుంచే వస్తాయి. లోపలి తోట అందంగా ఉంటుంది, కిటికీలోంచి చూస్తే ప్రాణం లేచొస్తుంది. మా తోటలో పిల్లలు ఆడటానికి మాత్రం నియమాలు ఒప్పుకోవు. పాప ఆడేది 34వ అవెన్యూ మీద. 2020లో కార్లు ఆపి మనుషులకిచ్చిన ఆ వీధి లేకపోతే ఈ ఇల్లు మాకు ఇరుకయ్యేది.

పసిపిల్లలున్నవాళ్ళు రంగు సంగతి కూడా చూసుకోవాలి. న్యూయార్క్‌లో ఇళ్ళలో సీసం రంగును 1960లో నిషేధించారు. మా భవనం అంతకుముందుది. పరీక్ష చేయిస్తే తలుపు చట్రంలో, ఒక కిటికీ చట్రంలో దొరికింది. తలుపు చట్రం మార్పించాం. కిటికీ మాత్రం మనిష్టం వచ్చినట్టు మార్చడానికి లేదు. ఈ పేటలో చాలా భాగం 1993 నుంచి చారిత్రక ప్రాంతం, మా వీధీ అందులోదే. కిటికీ మార్చాలంటే చారిత్రక కట్టడాలను కాపాడే నగర సంస్థ ల్యాండ్‌మార్క్స్ కమిషన్ అనుమతి కావాలి. చలిగాలి దూరే కిటికీకి అనుమతి కాగితం కోసం ఎదురుచూడటం ఓపిక పరీక్షే. అయినా ఆ నియమం లేకపోతే ఈ వీధులు ఈపాటికి గాజు డబ్బాలతో నిండిపోయేవని నాకు గట్టి నమ్మకం, అందుకే దాని మీద ఫిర్యాదు చేయబుద్ధి కాదు.

మరి కొనొచ్చా అంటే, మా పరిస్థితి వేరు. ఒకే బిడ్డ, కారు లేకపోవడం, రైలు దూరంలో ఉద్యోగాలు. అద్దెకిచ్చి వెళ్ళిపోవాలనుకునేవాళ్ళకు కో-ఆప్ సరిపడదు, చాలా బోర్డులు అద్దెకివ్వడాన్ని గట్టిగా పరిమితం చేస్తాయి. వీసా అనిశ్చితి ఉన్నవాళ్ళు దీని గురించి రెండుసార్లు ఆలోచించాలి. ఉండిపోవాలని వచ్చేవాళ్ళు మాత్రం ఇల్లు జనవరిలో, వీలైతే పొద్దున్నే చూడండి. మే నెలలో అన్ని ఇళ్ళూ బాగానే ఉంటాయి. రేడియేటర్ మీద రసమట్టం పెట్టండి, బ్రోకర్ ఏమనుకున్నా సరే. బేస్‌మెంట్ చూపించమనండి. బోర్డు మినిట్స్‌లో బాయిలర్ మాట ఎన్నిసార్లు వచ్చిందో మీ లాయర్‌ను చదివి చెప్పమనండి.

ఇంకో ప్రశ్న కూడా అడగండి, ఎందుకంటే మా భవనంలో ఇప్పుడు అందరి నోటా అదే. నగరం 2019లో తెచ్చిన లోకల్ లా 97 ప్రకారం 25,000 చదరపు అడుగులు దాటిన భవనాలకు కర్బన ఉద్గారాల హద్దులున్నాయి. 2024లో అమల్లోకి వచ్చాయి, 2030లో బాగా బిగుస్తాయి. హద్దు దాటితే టన్నుకు ఏటా 268 డాలర్ల జరిమానా. బాయిలర్ తీసేసి ఇంటింటికీ కరెంటుతో వేడినిచ్చే హీట్ పంపులు పెడదామని బోర్డులో కొందరంటున్నారు. దానికి పాత వైరింగ్ అంతా మార్చాలి, షేర్ల లెక్కన ఒక్కో ఇంటిమీదా అసెస్‌మెంట్, అంటే అదనపు వసూలు, పడుతుంది. వాతావరణం గురించి వాళ్ళ ఆందోళన న్యాయమైనదే, నాదీ అదే ఆందోళన. కానీ ఒక కొక్కెం, కొన్ని వెంట్లు సరిచేస్తేనే పై అంతస్తు వాళ్ళు కిటికీలు మూసుకున్నారంటే, ఈ పాత వ్యవస్థలో వృథా ఎంత ఉందో ముందు లెక్క తేలాలి. మిగిలిన పైపులకు ఆచ్ఛాదన వేయించి, ప్రతి ఇంటి రేడియేటర్ వాటం చూసి, ఒక చలికాలం ఇంధనం లెక్క రాయమని నేను రాతపూర్వకంగా ఇచ్చాను. వచ్చే సమావేశంలో దాని మీద ఓటింగ్ ఉంది.